నోటిమాట

నన్ను ముంచిన మనిషి పేరు రాజమౌళి. భివండిలో మా తెలుగు మీడియం బడికి ప్రిన్సిపాల్. ఆ పేరు రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

ఏటా సెప్టెంబరు ఆఖర్న పై అధికారి వచ్చి పిల్లల్ని లెక్కపెడతాడు. లెక్క తగ్గితే టీచరు పోస్టులు ఎగిరిపోతాయి. సరిగ్గా అప్పుడే బతుకమ్మ. మహారాష్ట్రలో దానికి సెలవుండదు. మగ్గాల మీద పనిచేసే మావాళ్ళు అదేమన్నా పట్టించుకుంటారా? పిల్లాజెల్లాతో కరీంనగర్ బస్సెక్కేస్తారు. పోయిన సంవత్సరం నా నాలుగో తరగతిలో నలభై మందికి పదకొండు మందే మిగిలారు.

"అందరికి హాజరీ ఎయ్యి, అరుణజ్యోతమ్మా. అడిగితే నేను చెప్త గద," అన్నాడు సార్.

పదిహేనేళ్ళుగా ఆయన మాట నాకు వేదవాక్కు. వేసేశాను. అధికారి ఖాళీ బల్లలు చూసి రిజిస్టరు తెరిచాడు. సార్ నా వంక కూడా చూడకుండా, తనకేమీ తెలియదనీ, మేడమే సొంతంగా వేసుకుందనీ మరాఠీలో చెప్పేశాడు. నన్ను ఆరు నెలలు సస్పెండ్ చేశారు. సాయంత్రం వరాలా తలావ్ చెరువు దగ్గర నడుస్తుంటే, నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లులే ముఖం తిప్పుకున్నారు. నేను ఏడవలేదు. నా కడుపు మండింది.

తిరిగి చేరిన రోజే మొదలుపెట్టాను. సార్ ఏ పని చెప్పినా చేతులు కట్టుకుని, నవ్వుతూ, "రాసియ్యుండ్రి సార్," అనేదాన్ని. మిగతా టీచర్లకూ నూరిపోశాను.

"నా గతి చూసిండ్రు గద. రేపు మీ మీదికొస్తది."

వారం తిరక్కముందే తొమ్మిది మందీ నా దారికొచ్చారు. పరీక్ష తేదీ మార్చాలా? రాసివ్వు. ప్రార్థన త్వరగా ముగించాలా? రాసివ్వు. ఆయన బల్ల మీద కాగితాలు పేరుకుపోతుంటే నాకు అన్నం సయించేది.

ఓ రోజు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "ఇగ సతాయించుడు చాలు, తల్లీ," అన్నాడు.

"ఆ మాట గూడ రాసియ్యుండ్రి," అన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది.

వానాకాలం మధ్యలో లాంగ్ లీవ్ పెట్టి వెళ్ళిపోయాడు. సీనియర్‌ని కాబట్టి ఇన్‌చార్జి నాకిచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్న రోజు నాకు పండగే.

మూడో రోజు, రెండో తరగతి చదివే కాజల్ జ్వరంతో కళ్ళు తేలేసింది. తల్లి కాశేలి గోదాంలో పనికి వెళ్ళింది, ఫోన్ ఎత్తడం లేదు.

"అనితా, రిక్షాల దవాఖానకు తీస్కపో, జల్దీ!" అన్నాను.

కొత్తగా చేరిన టీచరు అనిత కదల్లేదు. "రాసియ్యుండ్రి మేడం."

"పిల్ల పానం మీదికొస్తే కాగితమేందే?"

"తోవల ఏమన్న అయితే నన్నంటరు."

"నేనున్న గద! నా మీద నమ్మకం లేదా?"

అనిత తల వంచుకుంది గానీ నోరు మూసుకోలేదు. "మీరు గూడ సార్‌ను నమ్మిన్రు గద, మేడం."

దాని చెంప పగలగొట్టాలనిపించింది. వరండాలో మిగతా టీచర్లు నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు. కాజల్‌ను నేనే భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. రిక్షాలో పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

దవాఖానలో డాక్టరు కాగితం నా ముందుకు తోసి, జిమ్మేదారీ, అంటే పూచీ, ఎవరిదని హిందీలో అడిగాడు. నాదేనని సంతకం పెట్టాను. సెలైన్ సగం ఎక్కాక కాజల్ కళ్ళు తెరిచి అమ్మ కోసం ఏడ్చింది. నేనూ దాని పక్కనే కూర్చుని ఏడ్చాను.

జిమ్మేదారీ నాది అని ఆ రోజు అధికారి ముందు రాజమౌళి ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. అందుకు ఆయన్ని చచ్చేదాకా క్షమించను. కానీ అనితకు ఆ కాగితం అడగడం నేర్పింది మాత్రం నేను.