మిషను ఖాళీ అయితే

నేను ఒక గాలి సంచిని. డాక్టర్లు అంబు బ్యాగు అంటారు, ఆయాలు బుడగ అంటారు. ఊపిరి తీసుకోలేని పిల్లల గొంతులో గొట్టం వేసి, దాని చివర నన్ను తగిలిస్తారు. ఎవరో ఒకరు నన్ను నొక్కుతూ వదులుతూ ఉండాలి. ఇంతే నా చదువు. ఏదో ఫ్యాక్టరీలో అచ్చుపోసి, పెద్దాసుపత్రి పిల్లల వార్డుకు పంపారు. ఇప్పుడు ఒళ్లంతా పగుళ్లు తేలి, స్టోరు గదిలో విరిగిన సెలైన్ స్టాండ్ల మధ్య అట్టపెట్టెలో పడి ఉన్నాను.

నన్ను చూసి సంతోషించిన మనిషి లేడు. ఊపిరి పోసే మిషను దొరికిన పిల్లలు అదృష్టవంతులు, నేను దొరికినవాళ్లు దిక్కులేనివాళ్లు అని వార్డులో అందరి నమ్మకం. అది కరెంటుతో చేసేదే నేను మనిషి చేత్తో చేస్తాను. కాకపోతే దానికి చెయ్యి లాగదు, కునుకు రాదు. అక్కడే నేను ఓడిపోతాను.

చిన్నతల్లి రెండు నెలల కొడుకుని ఎత్తుకొచ్చినప్పుడు మిషన్లన్నీ నిండి ఉన్నాయి. వాడికి నిమోనియా. నర్సు ఆమె చేతిలో నన్ను పెట్టి, ఎలా నొక్కాలో చూపించి, ఒకటి ఖాళీ అవగానే వాడికే పెడతామంది. చిన్నతల్లి భయంతో గబగబా నొక్కేది. పక్క మంచం దగ్గర ఎరకయ్య ఉండేవాడు, జనపనార మిల్లు కార్మికుడు. జ్వరం మెదడుకెక్కిన ఆయన నాలుగేళ్ల కూతురు మిషను మీద ఉంది. బిడ్డ కోసం చేయడానికి ఆయన చేతులకు ఏ పనీ లేదు. అందుకే కాబోలు, చిన్నతల్లి వేళ్లు కొంకర్లు పోయినప్పుడల్లా వచ్చి నన్ను అందుకునేవాడు. నర్సు చెప్పిన వరస తప్పకుండా నొక్కేవాడు.

ఒక సాయంత్రం ఆయన నొక్కుతుంటే చిన్నతల్లి పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి మంచం కమ్మీకి కట్టింది. ఎందుకని అడిగాడు.

“ఒక్క మిషను కాళీ అయితే సాలన్నా. పైడితల్లికి ముడుపు సెల్లించుకుంటానని మొక్కినాను,” అంది.

మిషను ఎలా ఖాళీ అవుతుందో పాపం ఆమె ఆలోచించలేదు. ఎరకయ్య ఆలోచించాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆయన వేళ్లు నా మీద బిగుసుకున్నాయి గానీ వరస తప్పలేదు. నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల పోయింది. తెల్లగుడ్డ కప్పి తీసుకెళ్తున్నారు. నర్సు గొట్టాలు మార్చి, మిషనుని చిన్నతల్లి కొడుకు వైపు జరిపింది. తను దేవతను ఏం కోరుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. చేతులు చచ్చుబడ్డాయి, నేను జారిపోబోయాను. కూతురి వెనకాలే వెళ్తున్న ఎరకయ్య వెనక్కి వచ్చి నన్ను పట్టుకున్నాడు. మిషను తగిలించేదాకా తనే నొక్కాడు. నాకే గనక గొంతుంటే ఆ పూట ఏడ్చేదాన్ని.

నన్ను ఊడదీసి పక్కన పెట్టాక, ఆయన ముడుపు వైపు చూశాడు.

“మొక్కు మర్సిపోకు సెల్లెమ్మా. సెల్లించెయ్,” అన్నాడు. కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

పిల్లాడు బతికాడు. ఇంటికి వెళ్లే రోజు చిన్నతల్లి ముడుపు విప్పి కొంగున కట్టుకుని, పక్క మంచం దగ్గర చాలాసేపు నిలబడింది. దాని మీద అప్పటికే ఇంకెవరి బిడ్డో ఉంది. ముడుపు చెల్లించే ఉంటుంది. అమ్మవారికి ఏమని చెప్పుకుని చెల్లించిందో మాత్రం నాకు తెలియదు.