ప్లగ్గు పీకినా తిరిగిన సానరాయి

పాత సామాన్ల కొట్టులో దొరికిన బెంచి గ్రైండర్‌ను ఫిట్టర్ నెల రోజులు కూర్చుని బాగుచేశాడు. తుప్పు గీకాడు, కొత్త బేరింగులు ఎక్కించాడు, కొత్త సానరాయి బిగించాడు. ఆదివారం పొద్దున స్విచ్ వేస్తే చప్పుడే లేకుండా తిరిగింది. మురిసిపోయి స్విచ్ ఆపాడు. రాయి ఆగలేదు. ప్లగ్గు పీకినా తిరుగుతూనే ఉంది.

"తిరిగే రాయిని వదిలి కదలకూడదు. మా ఫ్యాక్టరీ రూలు," అని భార్యకు చెప్పి ఇంటి వెనక షెడ్డులోనే స్టూలు వేసుకున్నాడు. భోజనం, నిద్ర అన్నీ అక్కడే.

మూడు రోజులు డ్యూటీకి రాలేదని ఫోర్‌మన్ మండిపడుతూ వచ్చాడు. రాయిని చూడగానే చల్లబడ్డాడు. ఆ రూలు గోడ మీద రాయించింది ఆయనే.

"ఇంకో స్టూలు ఉందా?" అన్నాడు.

మళ్లీ ఆదివారానికి ఫిట్టర్ భార్యకు ఓపిక నశించింది. "అది ఆగేదాకా మీ ఇద్దరి కోసం నేను గరిటె తిప్పుతూ ఉండాలా?" అంటూ మొద్దుబారిన వంటింటి కత్తి తెచ్చి రాయికి గట్టిగా ఆనించింది. నిప్పురవ్వలు లేచాయి. రాయి నెమ్మదించి ఆగిపోయింది.

"ఇన్ని రోజులూ మాకు తోచనే లేదు చెల్లెమ్మా," అన్నాడు ఫోర్‌మన్, చెప్పులు వెతుక్కుంటూ.

ఆమె కత్తి అంచును వేలితో తడిమి చూసింది. "ఒక వైపే పదునెక్కింది. రెండో వైపు కూడా పట్టాలి, స్విచ్ వెయ్యండి."

మగవాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఫోర్‌మన్ మర్యాదగా కత్తి అడిగి తీసుకుని, ప్లగ్గును తీగ నుంచి కోసి జేబులో వేసుకున్నాడు.

"బాగానే తెగుతోంది చెల్లెమ్మా," అన్నాడు.