అక్షరం లేని రాళ్ళు

డెలా స్టిడమ్ నాలుగేళ్ళుగా టెనెసీ కొండల్లోని ఓ కాలేజీలో అమెరికా సంస్కృతి, చరిత్ర చదువుతోంది. అంత చదివాక ఆమెకు తెలిసొచ్చిందేమిటంటే, తన అమ్మమ్మ చరిత్రలోకి రాదని. ఆవిడ చెప్పేది వట్టి "నోటిమాట" అట.

ఆమె డిగ్రీ వ్యాసం అంచున ఎర్ర సిరాతో ఆ మాట రాసినవాడు ప్రొఫెసర్ విట్‌లాక్. అరవై ఏళ్ళ కిందట ఆనకట్ట కట్టినప్పుడు అమ్మమ్మ ఓపల్ పుట్టిన లోయ మునిగిపోయింది. నీళ్ళు వదిలేముందు అక్కడి సమాధులు లెక్కపెట్టి, పన్నెండింటిని తవ్వి గట్టుమీదికి మార్చామని సర్కారు కాగితాల్లో ఉంది. ఓపల్ మాత్రం యాభై మూడంటుంది. పేరుపేరునా చెప్తుంది కూడా.

తేడా ఎక్కడొచ్చిందో ఆ కొండల్లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. పేరు చెక్కించే స్తోమత లేనివాళ్ళు శవాన్ని తూర్పుముఖంగా పూడ్చి, తలవైపొక రాయి, కాళ్ళవైపొక రాయి పాతేవారు. ఏటా మే నెలలో సమాధులకు పూలుపెట్టే రోజున అందరూ చేరి, కలుపు పీకి, ఒక్కో రాయి దగ్గరా ఆగి అదెవరిదో పిల్లలచేత పలికించేవారు. లెక్కకొచ్చిన సర్వేయరుకి ఆ బడి తెలియదు. అక్షరాలున్న పన్నెండే రాసుకుని, మిగతావన్నీ పొలంరాళ్ళని కొట్టిపారేశాడు. ఆ కాకిలెక్క పుణ్యమా అని నలభై ఒక్కమంది నీళ్ళకిందే ఉండిపోయారు.

ఆ నలభై ఒక్క పేర్లూ డెలా వ్యాసం చివర రాసింది. విట్‌లాక్ ఆ పేజీ అడ్డంగా కొట్టేశాడు.

"ఇది తీసెయ్. తియ్యకపోతే ఈ ఏడు డిగ్రీ సంగతి మర్చిపో."

"ఎందుకు తియ్యాలి సార్?"

"కాగితమేది?"

"ఆ కాగితం రాసినవాడికి రాళ్ళు చదవడం రాకపోతే నేనేం చెయ్యను?"

"నోరు అదుపులో పెట్టుకో."

డెలాకి కడుపు మండిపోయింది. ఈయన కొండజనం బతుకుల మీద రెండు పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ కొండజనంలో ఒక ముసలావిడ నోరు తెరిస్తే మాత్రం చెల్లదు.

"మీరే వచ్చి చూడండి సార్. చూశాక కూడా తియ్యమంటే తీసేస్తాను," అంది. చలికాలంలో జలాశయంలో నీటిమట్టం దించుతారు. ఫిబ్రవరిలో పాత శ్మశానం బురదలోంచి బయటపడుతుంది.

భయపడ్డాడంటారని కాబోలు, ఆయన వచ్చాడు. ఓపల్ మనవరాలి చెయ్యి పట్టుకుని, బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ వరసలన్నీ తిప్పి చూపించింది. ఆయన జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

"చూశానమ్మా. రాళ్ళే. ఏటి ఒడ్డున రాళ్ళుండవా?"

"ఉంటాయి నాయనా. జతలుజతలుగా, అన్నీ తూర్పుకి తిరిగి ఉండవు."

"నీళ్ళు అలా పేర్చి ఉండొచ్చు."

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా," అని మనవరాలి వైపు తిరిగి గొణిగింది ఓపల్.

ఆయన వినిపించుకోలేదు. పుల్ల ఒకటి ఏరుకుని, ఎదురుగా ఉన్న రాతిమీద కాలు పెట్టి బూటుకంటిన బురద గీకడం మొదలెట్టాడు.

ఓపల్ గొంతు పెంచలేదు. "కాలు తియ్యి బాబూ. అది మా తమ్ముడి తల. ఎల్బర్ట్. కోరింతదగ్గొచ్చి మూడో ఏట పోయాడు. నేనే ఎత్తుకు తిరిగేదాన్ని."

విట్‌లాక్ చటుక్కున కాలు తీసేశాడు. వెనక్కి తూలి, పుల్ల పారేసి, నెత్తిమీది టోపీ కూడా తీశాడు.

డెలా ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"రాయే కదా సార్. కాగితం చూడకుండానే కాలెందుకు తీశారు?"