రెండో ముద్ద

మాత్రని ముద్దలో దాచి కుక్కకి తినిపించడం తెలియనివాళ్ళకి పెద్ద యుద్ధం, తెలిసినవాళ్ళకి మూడు ముద్దల పని. మొదటి ముద్ద ఉత్తదే. కాస్త అన్నం, ఉడికించిన కోడిమాంసం, అంతే. అది నమ్మకం కోసం. రెండో ముద్దలో మాత్ర. అది గొంతు దిగేలోపే మూడో ముద్ద మూతి దగ్గర సిద్ధంగా ఉండాలి. మూడోది మళ్ళీ ఉత్తదే, రెండోదాంట్లో ఏముందా అని ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా. ఈ విద్య ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఈ ఇంటికొచ్చాక చేతికి అదే పట్టుబడింది.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచీ కుర్చీకి తగిలించి, మొహం కూడా కడుక్కోకుండా వంటింటి గట్టు దగ్గర నిలబడింది. గట్టు మీద డబ్బాలు బారుగా ఉన్నాయి. చేప నూనె గుళికలు, ఆల్చిప్పల పొడి, సముద్రపు నాచు పొడి, పసుపూ మిరియాలూ నూనెలో ఉడికించి ఆమే చేసిపెట్టిన లేహ్యం. కొన్నవాటన్నిటి మీదా ఒకటే మాట, 'ప్రకృతి సిద్ధం' అని. కొనేది భర్త. ముసలి కుక్కల్ని పెంచుకునేవాళ్ళ గ్రూపు ఒకటి ఉంది ఆయన ఫోన్లో. అక్కడెవరో "మావాడు దీంతో లేచి పరిగెత్తాడు" అంటారు, రెండ్రోజులు తిరక్కుండా ఇంటికి డబ్బా వస్తుంది. కొనడంతో ఆయన వంతు అయిపోతుంది. నూరడం, కలపడం, వేళకి పెట్టడం, తినకపోతే బతిమాలడం, కక్కితే తుడవడం, వీటన్నిటికీ ప్రకృతి సిద్ధంగా ఆమె ఉంది.

"నీ చేత్తో అయితేనే తింటుంది" అంటాడు ఆయన. అది పొగడ్త అనుకుని మొదట్లో మురిసిపోయింది కూడా.

కుక్క పేరు దొరసాని. అత్తగారు పెట్టిన పేరు. కాళ్ళు చాపుకుని గుమ్మానికి అడ్డంగా పడుకుంటే ఇంట్లోవాళ్ళు దాన్ని దాటుకుని వెళ్ళాలే తప్ప అది కదిలేది కాదు. అత్తగారు పోయి రెండేళ్ళయినా ఇప్పటికీ ఆవిడ మంచం కిందే పడుకుంటుంది. నిరుడు చలికాలంలో మోకాళ్ళు పట్టేసి పెరటి మెట్టెక్కలేకపోతే ఆ చేప నూనే, ఆ ఆల్చిప్పల పొడే దాన్ని మళ్ళీ నిలబెట్టాయి. అబద్ధమెందుకు, ఆ డబ్బాల మీద ఆమెకి పగేం లేదు. అది మెట్టెక్కిన రోజు భర్త వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. "మీ ఓపికకి దండం పెట్టాలండీ" అని ఒకావిడ రాసింది. ఆ వీడియోలో ఓ మూల ముద్ద పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సంగతి మోకాళ్ళది కాదు, కిడ్నీలది. పోయిన వారం భర్తకి మీటింగు ఉందంటే ఆమే సగం పూట సెలవు పెట్టి దొరసానిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, దొరసాని చెవుల వెనక నిమురుతూ మాట్లాడింది.

"ఈ పొడులన్నీ ఆపెయ్యండమ్మా. ప్రకృతిదైనా ఇంకోటైనా ఒంట్లోకి వెళ్ళింది బయటికి పోవాలిగా, ఆ దారే అలిసిపోయింది. పైగా వీటి వాసనకి దానికి తిండంటేనే రోత పుడుతోంది. ఇంక ఎన్నాళ్ళో ఉండదు. ఇష్టమైంది పెట్టండి, తిన్నంత తింటుంది. బాధ ఎక్కువైతే ఫోన్ చెయ్యండి, నేనే ఇంటికొస్తాను."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు భర్తకి చెప్పింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా విన్నాడు. "వాళ్ళ మందులు అమ్ముడుపోవాలంటే అలాగే చెప్తారు. నువ్వేం ఆపకు. రెండు పూటలా పడాల్సిందే" అన్నాడు. గోడకి చెప్పుకున్నా ఓ బీటన్నా వారేది. నిన్న ఇంకో డబ్బా వచ్చింది. ఏదో చెట్టు వేరు పొడి, కిడ్నీలకట. నాలిక చివర వేసుకుని చూస్తే అన్నం తిన్నా పోని చేదు.

మూడు ముద్దలూ చేసుకుని వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది. దొరసాని తోక నేలకి ఒకసారి తగిలించింది. మొదటి ముద్ద మర్యాద కోసమన్నట్టు మెల్లిగా తిన్నది. రెండో ముద్దని నోట్లోకి తీసుకుంది. తీసుకుని, మింగకుండా, నేల మీద పెట్టింది. ముక్కుతో నెట్టి విడదీసింది. లోపల గోధుమరంగు పొడి కనిపించింది. అది ఆ పొడి వంక చూసి, ఆమె వంక చూసి, తల గోడవైపు తిప్పుకుంది. మూడో ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

అది కోపమైతే ఆమె సర్దుకుపోయేది. ఈ ఇంట్లో కోపాలకి సర్దుకుపోవడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. కానీ అది కోపం కాదు. ఆ చూపు ఆమెకి కొత్తా కాదు.

ఇదే మంచం మీద అత్తగారు కూర్చుని ఉండేది. చివరి రోజుల్లో ఆవిడ మందులు వద్దంది. "ఇంక చాల్లేవే, మింగీ మింగీ నా నోరు మందుల షాపైపోయింది" అనేది నవ్వుతూ. కొడుక్కి అది నచ్చలేదు. ఆడపడుచు ఫోన్లో ఉపాయం చెప్పింది. "ముద్దలో పెట్టి పెట్టెయ్ మరదలా, పాపం అమ్మకేం తెలుస్తుంది?" ఆ ఫోన్లోంచి ఒక్క ముద్దన్నా పెట్టగలిగే చెయ్యి రాదుగా, చెయ్యి ఈమెదే. మూడు ముద్దల విద్య మొదలుపెట్టింది అప్పుడే. కొన్నాళ్ళు సాగింది. ఒక మధ్యాహ్నం ఆవిడ నాలికకి మాత్ర తగిలింది. ఉమ్మెయ్యలేదు, అరవలేదు. వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టింది. "నువ్వైనా నాకు చెప్తావనుకున్నానే అమ్మాయ్" అంది, అంతే.

ఆ రాత్రి కొడుకు రాగానే ఆవిడ పసిపిల్లలా ఫిర్యాదు చేసింది. "మీ ఆవిడ అన్నంలో ఏదో కలుపుతోందిరా." తలుపు దగ్గర నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది ఆమె. ఇప్పుడు చెప్తాడు, నేనే కలపమన్నానమ్మా అంటాడు అనుకుంది. ఆయన తల్లి చెయ్యి నిమిరి "అలాగా? నేను మందలిస్తాలే అమ్మా" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి "అమ్మ ముందు అలా అన్నాను, పట్టించుకోకు. నువ్వైతే అర్థం చేసుకుంటావు" అన్నాడు. ఆమె అర్థం చేసుకుంది. చేసుకోక చస్తుందా? ఆ తర్వాత అత్తగారు ప్రతి ముద్దా విప్పి చూసుకుని తినేది. పోయేదాకా కోడలి చేతి ముద్ద చూడకుండా నోట పెట్టుకోలేదు.

నేల మీద విడిపోయిన ముద్దని గుడ్డతో తుడుస్తూ ఉంటే ఆఫీసు కూడా గుర్తొచ్చింది. ఆమె పనిచేసేది సరుకులు చేరవేసే కంపెనీలో. కాగితం మీద ఆమె ఉద్యోగం హాజరు చూడడం. అసలు ఉద్యోగం వేరే. ఎవరినైనా పనిలోంచి తీసెయ్యాలన్నా, ఎవరి సెలవు కుదరదని చెప్పాలన్నా మేనేజరు ఆమెనే పిలుస్తాడు. "మీరైతే నొప్పి తెలియకుండా చెప్తారు మేడమ్." ఆయనకి పాము చావాలి, కర్ర విరగకూడదు, ఆ కర్ర కూడా తన చేతిలో కనబడకూడదు. మొన్న ప్యాకింగు గదిలో పనిచేసే ఒక పెద్దావిడని తీసేశారు. ఆమె ఆవిడని పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, బిస్కెట్లు పెట్టి, మనవరాలి చదువు అడిగి, ఆ మధ్యలో అసలు మాట చెప్పి, వెంటనే "మీలాంటి మనిషి మళ్ళీ దొరకరు" అంది. పెద్దావిడ టీ సగంలో కింద పెట్టి "నన్ను టీకి పిలిచినప్పుడే అనుకున్నానమ్మా" అంది. ఇప్పుడు ఆఫీసులో ఆమె ఎవరినైనా మామూలుగా "టీ తాగుదామా" అన్నా వాళ్ళ మొహం పాలిపోతుంది. ఒక్కర్తే తాగుతోంది టీ.

ఇన్నేళ్ళూ తను మందు పెట్టే మనిషిననుకుంది. కాదు. మాత్ర ఆయనది, ఆడపడుచుది, మేనేజరుది. తను దాని చుట్టూ ఉన్న అన్నం. మెత్తగా ఉంటుందని, నోట్లో తేలిగ్గా జారుతుందని తనని వాడుకున్నారు. మింగినవాళ్ళకి చివరికి గుర్తుండేది మాత్ర పంపినవాళ్ళు కాదు, తన రుచి. అది తట్టగానే ఆమెకి ఏడుపొచ్చింది. అత్తగారు పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ ఏడవని మనిషి, తడిగుడ్డ చేతిలో పట్టుకుని కుక్క ముందు కూర్చుని ఏడ్చింది.

అత్తయ్య పోయింది, దొరసాని మొహం తిప్పుకుంది. ఇక మిగిలింది కూతురు.

కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అది పాకడం నేర్చుకున్నదే దొరసాని తోక పట్టుకుని. ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాని గురించే అడుగుతుంది. "పరీక్షలయ్యేదాకా చెప్పకు. తర్వాత నువ్వే మెల్లిగా చెప్దువుగాని, నీకైతే చెప్పడం వచ్చు" అన్నాడు భర్త. సరేనని "బాగానే ఉందమ్మా, పడుకుంది" అని చెప్తూ వచ్చింది. మొన్న ఫోన్లో "తిన్నావా? నిద్ర సరిగా పోతున్నావా?" అని మొదలుపెట్టిందో లేదో అటునుంచి పిల్ల అడ్డుపడింది. "అమ్మా, నువ్వు ఇలా మెత్తగా మొదలుపెడితే నాకు భయమేస్తుంది. ఏం దాస్తున్నావ్?" ఏం లేదే పిచ్చిమొహమా అని నవ్వేసింది. పిల్ల నవ్వలేదు. అది కూడా ముద్ద విప్పి చూడడం నేర్చుకుంటోంది.

తలుపు చప్పుడైంది. భర్త వచ్చాడు. బూట్లు విప్పుతూనే అడిగాడు.

"తిన్నదా?"

"లేదు."

"కొత్త పొడి వేశావా?"

"వేశాను. విప్పి చూసి వదిలేసింది."

"ఇంకొంచెం మాంసం ఎక్కువ పెట్టి చూడకపోయావా? నీ చేత్తో పెడితే ఎందుకు తినదు?"

ఆమె లేచి డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మీరు పెట్టండి."

"నాకెక్కడ తింటుంది?"

"తినదు. నా చేత్తో తినడం కూడా మానేసింది. డాక్టరమ్మ ఆపమంటే మీ మాట విని ఇన్నాళ్ళు పెట్టాను. ఇంక నేను పెట్టను. పెట్టాలనుకుంటే మీ చేత్తో పెట్టండి, అది మీ వంక ఎలా చూస్తుందో మీరూ ఒకసారి చూడండి."

ఆయన డబ్బా అందుకున్నాడు. మంచం కిందకి వంగి చూశాడు. దొరసాని డొక్కలు పైకీ కిందకీ కదులుతున్నాయి. డబ్బా నేల మీద పెట్టాడు. "అమ్మ పోయాక ఇదొక్కటేగా మిగిలింది."

ఆమెకి జాలేసింది. అవును, ఆయనకీ తల్లేగా పోయింది. ఎప్పటిలా అయితే భుజం మీద చెయ్యి వేసి "ఏం కాదులెండి, నేను చూసుకుంటాగా" అనేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"పోతోందండీ" అంది. "మీరు వద్దన్నా పోతుంది. పక్కన కూర్చోండి."

ఆయన కూర్చున్నాడో లేదో చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. మాంసం, అన్నం, అంతే. ఒక్క ముద్ద. తెచ్చి దొరసాని కళ్ళ ముందు పెట్టి తనే రెండుగా విప్పింది. లోపల ఏమీ లేదని చూపించింది. దొరసాని వాసన చూసింది. ఇటు సగం, అటు సగం, మధ్యలో వేళ్ళు. తినలేదు. తినే స్థితి దాటిపోయింది. కానీ గోడవైపున్న తల ఇటు తిప్పి, గడ్డం తెచ్చి ఆమె అరచేతిలో ఆనించింది. అత్తయ్యకి కూడా ఒక్కసారి ఇలా విప్పి చూపించి ఉంటే ఎంత బావుండేది అనుకుంది. ఆ బరువు అలా ఉండగానే రెండో చేత్తో ఫోన్ తీసింది.

"ఎవరికి?" అన్నాడు భర్త, మంచం అవతల నేల మీద నుంచి.

"పిల్లకి."

"పరీక్షలు... పోనీ, కాస్త మెల్లిగా చెప్పు."

కూతురు ఫోన్ ఎత్తింది. తిన్నావా అని తల్లి అడగలేదు.

"దొరసాని చనిపోతోందమ్మా. కొన్నాళ్ళుగా బాగా లేదు. బాగుందని నీకు అబద్ధం చెప్పాను. చూడాలనుంటే వచ్చెయ్."

 అటునుంచి ఏడుపు వినబడింది. బావురుమని, చిన్నప్పుడు పడిపోయినప్పటి ఏడుపు. ఊరుకోమ్మా, ఏం కాదు, పరీక్షలు బాగా రాయి, ఎన్ని మాటలో వరసగా నోటిదాకా వచ్చాయి. ఆమె ఒక్కటీ అనలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, పిల్ల ఏడ్చినంతసేపూ వింటూ కూర్చుంది. మూడో ముద్ద పెట్టలేదు.