క్యారెట్లు ఉడికిన నీళ్ళు

మూడో క్యారెట్ తురిమేసరికి జోగమ్మకి ఆయాసం వచ్చింది. తురుముపీట మీద చెయ్యి ఆపి, వీపు గోడకి ఆనించి, నోటితో గాలి పీల్చుకుంది. క్యారెట్ తురమడానికి కూడా ఊపిరి కావాలని ఆమెకి ఈమధ్యే తెలిసింది. ఒకప్పుడు నిండు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో రెండు మైళ్ళు నడిచిన మనిషి.

తెల్లవారి ఐదున్నర అయింది. కాశీబుగ్గలో రైలుకట్టకి ఇవతల వాళ్ళు అద్దెకుంటున్నది ఒకే గది. వంటకి ఒక మూల, స్నానానికి ఒక మూల పోగా మిగిలిన చోట మంచం. మంచం మీద దానయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదు. ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్నదానికి మొగుడి నిద్రకీ అలకకీ తేడా తెలీదా ఏమిటి?

ఆరోజు మంగళవారం. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్ మిషను రోజులు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రపొడ్డున ఉన్న తమ ఊరి నుంచి వారానికి మూడుసార్లు ఆటోలో కుదుపులు పడలేక, రెండేళ్ళ కిందట పడవ అమ్మేసి ఇక్కడికి వచ్చేశారు. దానయ్యకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో అదేమంత విశేషం కాదు. ఫలానావాడికి తల నెరిసిందట అన్నట్టు చెప్పుకుంటారు.

తురుముని పెద్ద గిన్నెలో వేసి నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇది కీర్తి నేర్పిన పద్ధతి. కీర్తి డయాలసిస్ కేంద్రంలో నర్సు, సుమ్మాదేవి అనే ఊరి పిల్ల. దానయ్య మిషను రోజు పొద్దున్న ఇడ్లీ తింటే ఇడ్లీ, ఉప్మా తింటే ఉప్మా కక్కేసేవాడు. ఖాళీ కడుపుతో మిషను ఎక్కితే మధ్యలో బీపీ పడిపోయేది, కళ్ళు తేలేసేవాడు, మిషను ఆపేసేవారు. ఆపేస్తే నీరు ఒంట్లోనే ఉండిపోయేది. అలా రెండు వారాలు చూసి, కీర్తి తన ఫోన్లో ఒక వీడియో పెట్టి జోగమ్మ చేతికిచ్చింది. ఎవరో ఆవిడ తెల్లటి వంటగదిలో నవ్వుకుంటూ పది నిమిషాల్లో క్యారెట్ మఫిన్లు చేసేస్తోంది.

"ఇది సెయ్యి పిన్నీ. మైదా పరవానేదు, గుడ్డు తెల్లసొన బలం. కేరట్టు మాత్రం బాగా ఉడకబెట్టి ఆ నీల్లు పారబొయ్యి. కిడ్నీలు పోయినోల్ల గుండెకి పడని ఉప్పంతా నీల్లలోకి దిగిపోద్ది," అంది కీర్తి.

వీడియోలో ఆవిడకి గోడలో దాచిన పొయ్యి ఉంది. జోగమ్మకి పాత కుక్కరు ఉంది. దాని రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఇసక పోసి, ఇసక కాలాక చిన్న స్టీలు గిన్నెల్లో పిండి పోసి లోపల దింపేది. ఆ ఇసక తమ ఊరి ఒడ్డున గోనెసంచిలో ఎత్తుకొచ్చింది. ఉప్పు పోయేదాకా ఐదుసార్లు కడిగింది. కాశీబుగ్గలో ఇసక దొరక్క కాదు. దానయ్య తినే తిండి ఏ ఇసక మీద కాలాలో ఆమెకి ఒక లెక్క ఉంది.

మొదటి రోజు దానయ్య రెండు తిన్నాడు. కక్కలేదు. ఆరోజు జోగమ్మ గుమ్మం బయటికి వెళ్ళి ఏడ్చింది. అప్పటి నుంచి మూడు నెలలుగా మిషను రోజు ఇంట్లో ఇదే పొద్దుటి తిండి.

నీళ్ళు నారింజరంగు తిరిగాయి. జల్లెడలో తురుము వడకట్టి, కింద గిన్నెలో పడ్డ నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసింది. పారబోయమన్న మాట ఆమెకి జ్ఞాపకం లేక కాదు. పారబోయడం ఆమెకి చేతకాదు. గంజి పారబోయని ఇంట్లో పుట్టింది, చేపలు కడిగిన నీళ్ళయినా కొబ్బరిమొక్క మొదట్లో పోసే ఇంట్లో కాపురం చేసింది. కీర్తి ఇచ్చిన కాగితంలో కొబ్బరినీళ్ళు వద్దు, జీడిపప్పు వద్దు, పనసపండు వద్దు, అరటిపండు వద్దు, ఎండుచేప వద్దు అని రాసి ఉంది. ఉద్దానంలో దేవుడు ఏమేమిచ్చాడో అన్నీ ఎవరో పనిగట్టుకుని వరసగా కొట్టేసినట్టు ఉంటుంది ఆ కాగితం. ఊళ్ళో మరిది కొబ్బరిబోండాలు పంపిస్తే ఎవరు తాగాలి? జోగమ్మ తాగేది. దానయ్యకి వద్దన్నవన్నీ ఆమె కంచంలోకి వచ్చేవి. ఆయనకి పడని బలం తనకైనా పనికొస్తుందని ఆమె నమ్మకం.

బలం ఆమెకి కావాలి మరి. కిందటేడు ఊరికి వెళ్ళినప్పుడు టెంటు వేసి కిడ్నీ పరీక్షకని అందరికీ రక్తం తీశారు. ఆమె కాగితం మీద క్రియాటినిన్ ఐదు పాయింట్ రెండు అని వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. జోగమ్మ ఆ అంకెని చాలాసేపు చూసింది. మొదటిసారి మిషను ఎక్కిన రోజు దానయ్య అంకె పది. ఐదంటే సగం దూరం, ఇంకా చాలా ఉంది అనుకుంది. వద్దన్న తిండి మిషను ఎక్కినవాళ్ళకి కదా, తను ఎక్కలేదు కదా అనీ అనుకుంది. కాగితం మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆమెకి చావంటే భయం లేదు కానీ, ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుంటే దానయ్యకి పిండి కలిపేదెవరన్న భయం మాత్రం గుండెల్లో రాయిలా ఉండేది.

ఒక గ్లాసు తాగింది. రెండోది తాగబోతే వికారం పెట్టింది. వచ్చాక తాగొచ్చని చిన్న పళ్ళెం మూతపెట్టి గట్టు మీద ఉంచింది.

మైదాలో పంచదార, నూనె, తెల్లసొన, చిటికెడు వంటసోడా వేసి, పిండేసిన తురుము కలిపింది. పచ్చసొనలు తన కూరలోకి పక్కన పెట్టుకుంది. అరగంటకి కొబ్బరీనె గుచ్చి చూస్తే పుల్లకి ఏమీ అంటలేదు. నాలుగు గిన్నెలు బోర్లిస్తే నాలుగూ చక్కగా ఊడాయి. వాటి మీద గుడ్డ కప్పింది.

"మావా, కప్పుకేకులు అయిపోనాయి. నానొచ్చీలోగా తినీయ్," అంది.

ఏడింటికి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉంది. మిషను రోజుల్లో పది వరకే పని. వేడి తగిలిన పప్పుకి అంటుకుని ఉన్న ఎర్రపొర చిన్న కత్తితో గీకి తియ్యాలి, పప్పు విరగకూడదు. బద్ద అయితే ధర సగం. జోగమ్మ చేతిలో పప్పు విరగదని మేస్త్రీ నీలకంఠానికి గొప్ప. ఆరోజు మాత్రం ఆమె వేళ్ళు తిమ్మిరెక్కి, వరసగా మూడు విరిగాయి. నీలకంఠం వచ్చి చూశాడు.

"ఏటప్పా, నీ సేతిలోనే?"

"ఏలు మొద్దుబారిపోతన్నాయి బావూ."

"ఇంటికెల్లి తొంగోరాదా?"

"ఇంటికాడ తొంగున్నోడు ఒకడున్నాడు కదా, సాలదా?" అంది జోగమ్మ. పక్కన ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే గుండె ఒక దెబ్బ తప్పి కొట్టుకున్నట్టనిపించి, కత్తి కింద పెట్టి కాసేపు కూర్చుంది.

పదింటికి గదికి వచ్చేసరికి గుడ్డ కప్పినది కప్పినట్టే ఉంది. దానయ్య మంచం మీద కూర్చుని ఎడంచేతి మీద ఉబ్బిన నరాన్ని చూసుకుంటున్నాడు. సూదులు గుచ్చి గుచ్చి అది తాడులా లేచింది.

"నానింక రాను," అన్నాడు.

"ఏటి సేత్తావు మరి?"

"ఊరెల్లిపోతాను. పడవ తోసుకుంటాను."

"పడవ అమ్మీసి రెండేల్లయింది మావా. ఏటి తోసుకుంటావు?"

జోగమ్మ అతని కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. నిలబడి బతిమాలే ఓపిక లేదు. అతని పాదాలు ఉబ్బి ఉన్నాయి. పక్కన ఉన్న తన పాదాలు అంతకంటే ఉబ్బి ఉన్నాయి. మెట్టెలు వేలిని కొరికేస్తుంటే కిందటి వారమే సబ్బు రాసి తీసేసింది. దానయ్య చూడలేదు. రోగం వచ్చినవాడికి తన ఒళ్ళే లోకం, అందులో అతని తప్పేమీ లేదు.

"నాకు రోజూ సేసి సేసి సచ్చిపోతన్నావు. నాకే సిగ్గేత్తంది," అన్నాడు చివరికి. "నువ్వేటి తింతన్నావో కూడా నాకు తెల్దు."

"నాకేటి, అన్నీ తింతన్నాను. నీకు వద్దన్నయ్యన్నీ నాకే కదా."

"అయితే ఇది కూడా నువ్వే తిను."

"సరే. నువ్వు రెండు తిను, నానొకటి తింతాను. ఒట్టు."

దానయ్య ఆమెవంక చూశాడు. తర్వాత ఒకటి తీసుకుని అంచు కొరికాడు. మెల్లగా, పంటి కింద రాయి ఉందేమో అన్నట్టు నమిలాడు. రెండోది తినడానికి ఇరవై నిమిషాలు పట్టింది. జోగమ్మ కదలకుండా చూసింది. మింగిన ప్రతి ముద్దా ఆమె గొంతులోంచి దిగినట్టే ఉంది. మూడోది రేపటికని ఉంచి, నాలుగోది చిన్న డబ్బాలో పెట్టుకుంది.

"తినవేటి?"

"ఆడకెల్లి తింతాను, ఆటో ఒచ్చీసింది," అంది.

పదకొండింటికి దానయ్యని మిషను ఎక్కించారు. కీర్తి సూదులు పెట్టి, బయటికి వచ్చి జోగమ్మ మొహం చూసి ఆగింది.

"పిన్నీ, మొహం ఏటి అలా ఉబ్బిపోయింది? కూకో, రక్తం తీస్తాను."

"గురువారం తీద్దువు గాని తల్లీ. ఈరోజు ఎవుడికీ ఏటీ ఇవ్వలేను."

"గురువారం తప్పించుకోకు మరి."

"ఎక్కడికి పోతాను? వారానికి మూడు రోజులు నీ గుమ్మంలోనే కదా నా కాపురం," అంది జోగమ్మ.

వరండాలో బెంచీ మీద ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది. పక్కన గౌరీశ్వరి ఉంది. ఆమె తమ్ముడు కూడా లోపల మిషను మీదే. ఇద్దరూ కాసేపు చేపల గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు కవళ్ళు పడలేదట, అక్కడ మూలపేట వైపు కూడా పడలేదట. మాట మధ్యలో జోగమ్మ తల గోడకి ఆనించింది. ఆ బెంచీ మీద నిద్రపోని మనిషి లేదు కనక గౌరీశ్వరి మాట ఆపి తన కొంగు సర్దుకుంది.

ఒంటిగంటన్నరకి జోగమ్మ ఒళ్ళోంచి డబ్బా జారి నేల మీద పడింది. పెద్ద చప్పుడే అయింది. జోగమ్మ వంగి తియ్యలేదు.

పక్క గదిలోకి మోసుకెళ్ళారు. డాక్టరు గుండె మీద చాలాసేపు ఒత్తి చూశాడు. తర్వాత చేతులు తీసేసి కీర్తి వైపు చూశాడు.

దానయ్యకి ఇంకా గంటా ఇరవై నిమిషాల మిషను ఉంది. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లో తిరుగుతున్న మనిషికి ఇప్పుడు చెబితే ఏమవుతుందో కీర్తికి తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో తెలీదు. మొహం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

మిషను ఎక్కిన మూడో గంటకి దానయ్యకి పిక్కలు పట్టేస్తాయి. జోగమ్మ వచ్చి ఒత్తే వేళ అది. అతను తలుపు వైపు చూశాడు.

"జోగి ఏది?"

కీర్తి అతని కాళ్ళ దగ్గర కూర్చుని పిక్కలు ఒత్తడం మొదలుపెట్టింది.

"బయట ఉంది బాబాయ్."

"తొంగుందేటి?"

"ఆఁ," అంది కీర్తి.

"తొంగోనీ. లేపకు. పొద్దున్నుంచి కూకోనేదు," అన్నాడు దానయ్య, కళ్ళు మూసుకుని. ఆరోజు బీపీ పడిపోలేదు. పొద్దున్న తిన్న రెండూ కడుపులో నిలిచాయి.

మూడింటికి సూదులు తీశారు. అప్పుడు కీర్తి చెప్పింది. దానయ్య అరవలేదు. సూది తీసిన చోట దూది పెట్టి పది నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోవాలని జోగమ్మ ప్రతిసారీ పోరేది. అలాగే ఒత్తి పట్టుకుని, ఆ పది నిమిషాలూ అయ్యాకే లేచి ఆమె దగ్గరికి నడిచాడు. గౌరీశ్వరి డబ్బా తెచ్చి ఇచ్చింది. మూత తీసి చూశాడు.

"తిన్నేదు," అన్నాడు. "ఒట్టేసి కూడా తిన్నేదు." అప్పుడు ఏడ్చాడు.

ఊరికి తీసుకెళ్ళే బండి సందు చివర ఆగింది. ఆమెకి కట్టడానికి మంచి చీర కోసం దానయ్య గదికి వచ్చాడు. ఒక్కణ్ణీ పంపలేక కీర్తి కూడా వచ్చింది. అతను పెట్టె తెరిచి వెతుకుతుంటే ఆమె వంటమూల నిలబడింది. కుక్కర్లో ఇసక చల్లారి ఉంది. గట్టు మీద మూతపెట్టిన గ్లాసు కనబడితే పళ్ళెం ఎత్తి చూసింది.

"ఇదేటి బాబాయ్?"

"కేరట్లు ఉడికిన నీల్లు. పారబొయ్యదమ్మా అది. రోజూ తాగీసేది. నాకు వద్దన్నదేదీ ఒగ్గేది కాదు, బలమనీది."

కీర్తికి ఆ ఉబ్బిన మొహం మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. పారబోయమన్న ఉప్పంతా ఎవరి ఒంట్లోకి దిగిందో అర్థమైంది.

"పిన్నికి ఎప్పుడైనా రక్తం చూపించేరా?"

"దానికేటి? అది గట్టి మనిసి," అన్నాడు దానయ్య. చీర దొరికింది. ఆకుపచ్చది, ఎర్ర అంచుది. దాన్ని గుండెకి అదుముకుని నిలబడ్డాడు.

ఈ మనిషికి ఏం చెప్పాలి? ఇప్పుడు చెప్పి ఎవరికి మేలు? కీర్తి గ్లాసు తీసుకుని కుళాయి వైపు ఒక అడుగు వేసింది.

"పారబొయ్యకమ్మా," అన్నాడు. "దానికి కోపమొత్తాది."

"గురువారం రావాలి బాబాయ్. ఆటో పంపుతాను."

దానయ్య చీరని చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. కీర్తి గ్లాసుని ఉన్నచోటే పెట్టి, మళ్ళీ పళ్ళెం మూసి, తలుపు దగ్గరికి వేసి అతని వెనకే వెళ్ళింది.

గట్టు మీద గ్లాసులో నారింజరంగు నీళ్ళు అంచు దాకా ఉన్నాయి, అడుగున సన్నగా నాలుగు క్యారెట్ పీచులు దిగి ఉన్నాయి.