రాగి పట్టిన చేతులు

పొద్దున్నే బర్గూరులో బస్సెక్కడం, హోసూరు దాటాక జూజువాడి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక ఇరుక్కుని విసుక్కోవడం, ల్యాబులో తెల్లకోటు తగిలించుకోవడం. కావ్యశ్రీ బతుకు రోజూ అలాగే మొదలవుతుంది.

ఆ ల్యాబులో డీఎన్ఏకి కొత్త అక్షరాలు తయారుచేస్తారు. దేవుడిచ్చిన అక్షరాలు ఎదురుపడగానే వాటంతటవే చేయి కలుపుతాయి. మనిషి చేసిన వీటికి ఆ చనువు లేదు. మధ్యలో ఒక రాగి అయాను కూర్చుని ఇటు చెయ్యీ అటు చెయ్యీ పట్టుకుంటేనే జత కడతాయి. అదీ తమలాంటి అక్షరంతోనే. దేవుడిచ్చిన అక్షరం పక్కన పెడితే రాగి ఎంత పోసినా ముఖం తిప్పుకుంటాయి.

ఇంట్లో ఈ సంగతి చెబితే ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. "దీనికి ఇంత చదువు చదవల్నా?" అన్నాడు ఇంటి పెద్ద దొడ్డప్ప. ఆయన కావ్యశ్రీ మొగుడు తిలక్‌కి పెదనాన్న.

ఆయన అన్నదీ నిజమే. ఆ ఇంట్లో పుట్టినవాళ్ల అరచేతుల మధ్య రాగి బిళ్ల పెడితే చేతులు అతుక్కుంటాయి. చింతపండు నీళ్లు పోస్తే విడిపోతాయి. తిలక్ చిన్నప్పుడు అన్నదమ్ములు తరగతిలోనే అతుక్కుపోతుంటే పంతులుగారు సొరుగులో చింతపండు ఉంచుకునేవారు. ఊళ్లో దాన్నెవరూ వింతనుకోరు.

పేరు పెట్టే రోజు ఇంటిపెద్ద బిడ్డ చేతిలో బిళ్ల పెట్టి పట్టుకుంటాడు. చేతులు అతుక్కుంటే ఇంటిబిడ్డ. కోడళ్ల పని చింతపండు నానబెట్టడం వరకే. పరాయి నెత్తురు కదా, వాళ్ల చేతికి బిళ్ల ఇచ్చినవాడు లేడు.

పిల్లలు పుట్టరని తేలాక కావ్యశ్రీ, తిలక్ కృష్ణగిరి శిశుగృహం నుంచి చిత్రను తెచ్చుకున్నారు. రెండేళ్ల పిల్ల. దత్తత కాగితాలు ఇంకా పూర్తికాలేదు.

"బిళ్ల పట్టనీ, ఉంచుకొందాం. పట్టకపోతే విడిచిపెట్టి వచ్చేయండి. మన ఇంట్లో అట్లే," అన్నాడు దొడ్డప్ప. తిలక్ ఊరందరి మీదా కేకలేస్తాడు గానీ పెదనాన్న ముందు నోట్లో నాలుక ఉండదు. సరేనని తలూపాడు. ఆ తల ఊపు చూసినప్పటి నుంచి కావ్యశ్రీకి అన్నం సయించలేదు.

పేరు పెట్టే ఆదివారం వచ్చింది. వంటింట్లోకి పోతే పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే గిన్నె బోర్లించి ఉంది.

"అత్తా, చింతపండు నానెయ్యలేదా?"

"పట్టేదుంటే కదమ్మా," అంది తిలక్ తల్లి పిల్లమ్మ, కోడలి ముఖం చూడకుండా. రాత్రంతా ఏడ్చిన కళ్లు ఆమెవి.

నడవలో చాప పరిచారు. దొడ్డప్ప చిత్ర చేతిలో బిళ్ల పెట్టి, తన చెయ్యి ఆనించి వదిలాడు. బిళ్ల బండల మీద ఖంగుమంది. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ పడింది.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా," అన్నాడు ముసలాయన. తిలక్ నేల చూపులు చూస్తున్నాడు.

కావ్యశ్రీకి అందరి మీదా ఒళ్లు మండింది. దొర్లిన బిళ్లను అందుకుంది. చేతిలోకి తీసుకున్నాక, రోజూ ల్యాబులో చేసే పనే గుర్తొచ్చింది. జత కుదరకపోతే తప్పు రాగిది కాదు, ఎదురుగా పెట్టినదానిది. ఆమె బిళ్లను చిత్ర అరచేతిలో పెట్టి తన చెయ్యి ఆనించింది.

వెచ్చగా, గట్టిగా పట్టేసింది. చెయ్యెత్తితే పిల్ల చెయ్యి కూడా లేచింది.

"ఇది పట్టకూడదే!" అన్నాడు దొడ్డప్ప. "నువ్వు యాడ పుట్టినావు, ఆ బిడ్డ యాడ పుట్టింది?"

"నేనూ ఈడ పుట్టలేదు పెదమామా, ఇదీ పుట్టలేదు. అందుకే పట్టింది. మా చేతుల్లో పెట్టి చూసినవాళ్లెవరు?"

పిల్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంటి చేతులన్నింటికీ చింతపండు పిసికిన మనిషి. ఎవరినీ అడగకుండా గూట్లోంచి ఇంకో బిళ్ల తీసి, చిత్ర రెండో చెయ్యి పట్టుకుంది. లాగి చూసుకుంది. రాలేదు.

"నన్నూ పట్టింది బావా!" అంటూ నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. "ఇన్నేండ్లకు నన్నూ పట్టింది."

దొడ్డప్ప ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. "చింతపండు నీళ్లు తెండి," అన్నాడు చివరికి.

"యాడుండాయి? నేను నానేస్తే కదా!" అంది పిల్లమ్మ ముక్కు ఎగపీలుస్తూ. ఉన్న ఒక్క ఖాళీ చేత్తో కావ్యశ్రీ ఆమె ముక్కు తుడిచింది.

తిలక్ లేచాడు. "నేను నానేస్తా. తొందరేం లేదు. బిడ్డను మాత్రం యాడా విడిచిపెట్టి రాను పెదనాయనా," అన్నాడు. చెప్పాక తన గొంతుకు తానే బెదిరాడు.

పేరు పిలవాల్సింది ఇంటిపెద్దే. ఆయన మోకాళ్ల మీద కష్టంగా వంగాడు.

"ఏమని పిలవల్ల పిల్లమ్మా?" అన్నాడు. ఆయన ఆమెను సలహా అడగడం అదే మొదలు.

"కొత్తదెందుకు బావా. ఉండే పేరుతో పిలువు, పలుకుతాది."

"చిత్రా," అన్నాడు ముసలాయన మెల్లగా.

"ఆఁ, తాతా," అంది పిల్ల.