చేదు బిళ్లలకు తియ్యటి సీసా

నా నోరు పడిపోను! ఆ మాటలు పలికింది నా నోరే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఇంకెవరో చెబితే వినే ఖర్మ మీకెందుకు.

నా పేరు ఏసోబు. గురజాలకు రెండు కోసుల దూరంలోని మా ఊళ్లో టముకు వేసే వెట్టివాణ్ణి. శిస్తు కట్టే గడువైనా, కలరా సూదులు వేసే డాక్టరు వచ్చినా మునసబు గారు నాకు చెబుతారు, నేను ఊరికి చెబుతాను. మా ఊళ్లో చదువుకున్నవాళ్లు పది మంది కూడా లేరు. టముకు మోగి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని నా గొంతు వినబడితే అది సర్కారు మాట. పొయ్యి మీద అన్నం మాడుతున్నా వాకిట్లోకి వచ్చి వింటారు. మా నాన్న కాలం నుంచీ అంతే.

అది యుద్ధకాలం. జపాను వాళ్లు జావా పట్టుకున్నారట, క్వినైను, అదే మా కొయినా, తీసే చెట్లన్నీ అక్కడే ఉన్నాయట. దాంతో పోస్టాఫీసులో అమ్మే కొయినా బిళ్లలు దొరక్కుండా పోయాయి. మా పల్నాటి చలిజ్వరానికి మరో మందు లేదు. మా వెనకింటి హజ్రా బీ ముందుగా కొని దాచుకున్న బిళ్లలు పద్దెనిమిది ఉండేవి. ఆమె భర్త పీర్ సాహెబ్ ఆ జ్వరంతోనే పోయాడు. కూతురు సయీదాకు తొమ్మిదేళ్లు, ఆ చలిజ్వరాలకే కడుపులో బల్ల గడ్డలా పెరిగిన పిల్ల. జ్వరం వచ్చినప్పుడల్లా దాన్ని బతికించింది ఆ బిళ్లలే.

ఆ రోజుల్లోనే ఒకాయన దిగాడు. తెల్ల కోటు, చేతిలో తోలు పెట్టె. పేరు బసవపున్నయ్యట, "శీతలామృతం" అనే మందుకు ఏజెంటట. మునసబు గారి అరుగు మీద కూర్చుని నన్ను పిలిపించాడు.

"ఏసోబు గారూ, రండి రండి. మీ గొంతు గురించి గురజాల దాకా చెప్పుకుంటున్నారండీ" అన్నాడు.

గారూ! నలభై ఏళ్లొచ్చాయి నాకు. ఒరేయ్ అన్నవాళ్లే గాని గారూ అన్న మనిషి లేడు. మా పాస్టరు గారు కూడా అనలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఒక్క మాటకు కరిగి నీరైపోయాను. అతను చెప్పమన్నది రెండుసార్లు వల్లె వేసి, టముకు మెడలో వేసుకుని బయల్దేరాను. మునసబు గారు కానిమ్మని తల ఊపారు. ఆయన పక్కన అప్పటికే రెండు సీసాలున్నాయి.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! చేదు బిళ్ల మింగితే చెవుల్లో హోరెందుకు పుడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ హోరు చెవులతోనే ఆగుతుందని ఎవరైనా మాటిచ్చారా? కన్నతల్లి ఎవరైనా బిడ్డ నోట్లో విషమంత చేదు పెడుతుందా? పక్క ఊళ్లో తెలివైన తల్లులంతా మార్చేసుకున్నారు. పాత బిళ్లలు తెచ్చి ఇచ్చినవారికి శీతలామృతం సీసా ఉచితం. రేపు మధ్యాహ్నం వరకే!"

ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి చూద్దాం. కొయినా మింగితే చెవుల్లో హోరు పుడుతుంది, నిజమే. మిగిలినవి ప్రశ్నలు. ప్రశ్నను పట్టుకుని అబద్ధమని ఎవడంటాడు? జవాబు మాత్రం వినేవాళ్ల భయమే చెప్పుకుంటుంది. పక్క ఊరన్నాడు, ఏ ఊరో నేనూ అడగలేదు, ఎవరూ అడగలేదు. కన్నతల్లి అన్న మాట ఎందుకు వేశాడు? బిళ్ల మింగించే ఆడది తన బిడ్డకు తానే సవతితల్లినేమోనని కుమిలిపోవడానికి. రేపు మధ్యాహ్నం వరకే అని ఎందుకన్నాడు? ఎల్లుండి దాకా ఆగితే ఎవరో ఒకరు ఆలోచిస్తారని. సర్కారు పేరు ఎత్తనే లేదు, ఆ పని నా టముకు చేసిపెట్టింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఇదంతా నాకిప్పుడు తెలుసు గాని, ఆ రోజు మాత్రం కన్నతల్లి దగ్గర గొంతు కాస్త వణికించి మరీ పలికాను, వెధవని.

మర్నాడు పొద్దెక్కేసరికి మునసబు గారి వాకిట్లో ఆడవాళ్లు బారులు తీరారు. కొంగు ముడుల్లోంచి, ఉట్టి మీది పిడతల్లోంచి బిళ్లలు తెచ్చి పోశారు. హజ్రా బీ పద్దెనిమిదీ ఇచ్చింది.

అయిదో రోజున సయీదాకు చలి మొదలైంది. మూడు బొంతలు కప్పినా మంచం ఊగిపోయింది. సీసా అయిపోయినా జ్వరం దిగలేదు. హజ్రా బీ ఖాళీ సీసా పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"ఏంది అన్నా ఇది? సర్కారోళ్ల మందన్నావు గదా!"

"సర్కారని నేననలా చెల్లెమ్మా."

"టముకేసి చెప్పావా లేదా? నువ్వు టముకేసి చెప్పినాక సర్కారు మాట గాకపోతే ఇంకేంది? పిల్లకి కళ్లు తేలిపోతున్నయ్. అదేమన్నా అయితే నేనెవర్నడగాల?"

సీసా అడుగున మిగిలిన చుక్క నాలుక మీద వేసుకున్నాను. బెల్లం నీళ్లు, కాస్త సోంపు వాసన. థూ! ఒళ్లు మండిపోయి మునసబు గారి దగ్గరికి పరుగెత్తాను.

"సర్కారు వారి మందని నువ్వు అన్నావంట్రా? లేదు గదా! మరింకేంది గోల?" అని ఆయన పంచె దులుపుకుని లోపలికి పోయారు. ఆయనింట్లో కొయినా బిళ్లలు ఒక్కటీ మార్చుకోలేదని ఆ సాయంత్రం వాళ్ల పనిమనిషి పిచ్చమ్మ చెప్పింది. ఏజెంటు పిడుగురాళ్ల పోయాడని చెప్పింది కూడా ఆమే.

తెల్లవారి గురజాలలో రైలెక్కి పిడుగురాళ్లలో దిగాను. స్టేషను బయట, సున్నపు బట్టీల దారిలో జనం మూగి ఉన్నారు. మధ్యలో తెల్ల కోటు. అక్కడ టముకు వేసే ఆరోగ్యస్వామి గొంతు చించుకుంటున్నాడు.

"జావా పోయింది, కొయినా పోయింది! మీ పిల్లలకు రేపు జ్వరమొస్తే ఏం చేస్తారు? తియ్యటి నీళ్లు పోసి మోసం చేసేవాళ్లను నమ్ముతారా? అసలైన మందు చేదుగా ఉంటుంది! బిడ్డ మీద ప్రేమున్న తల్లి చేదైనా మింగిస్తుంది! రేపు మధ్యాహ్నం వరకే!"

అవే బిళ్లలు! మా ఊళ్లో విషమైన చేదు, ఇరవై మైళ్లు రైలెక్కి వచ్చేసరికి ప్రేమైపోయింది. ఆ తల్లే, ఆ బిడ్డే, ఆ మధ్యాహ్నమే. మాటకు నీతి ఉండదా? అమ్మేవాడికి ఎటు కావాలంటే అటు తిరుగుతుందా? జనాన్ని తోసుకుని వెళ్లి ఆరోగ్యస్వామి మెడలోంచి టముకు లాక్కున్నాను.

"అయ్యా, బట్టీ కూలీలూ! ఈ పెద్దమనిషి పోయిన వారం మా ఊళ్లో ఏం చెప్పించాడో అడగండి! ఈ బిళ్లలు ఏ పిల్ల నోటికాడ నుంచి లాక్కొచ్చాడో అడగండి!"

"ఏసోబు గారూ, ఆవేశపడకండి..."

"ఎవడయ్యా నీకు గారు? ఒరేయ్ అను. మా ఊరి మునసబు ఒరేయ్ అంటాడు, మొహాన అంటాడు. నీ గారులోనే ఉంది విషం!"

జనం గొణగడం మొదలుపెట్టారు. ఒక కూలీ ఏజెంటు కోటు పట్టుకున్నాడు. బసవపున్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా ఒక పొట్లం నా చేతిలో కుక్కి, "మీ పిల్లకే కదా, తీసుకుని వెళ్లండి" అన్నాడు. అందులో తొమ్మిది బిళ్లలున్నాయి. అక్కడే నిలబడి వాడి అంతు తేల్చాల్సింది. కాని మధ్యాహ్నం బండి పోతే మళ్లీ రాత్రికే. నేను స్టేషనుకు పరుగెత్తుతుంటే వెనక అప్పుడే బేరాలు మొదలయ్యాయి. వాళ్లను మాత్రం ఏమనను, జ్వరం వాళ్ల ఇళ్లలోనూ ఉంది.

పొద్దుగూకే వేళకు హజ్రా బీ వాకిట్లో నిలబడ్డాను. సయీదా కళ్లు మూసుకుని మూలుగుతోంది. పొట్లం విప్పి చూపించాను.

"చెల్లెమ్మా, కొయినా తెచ్చాను. అసలైనదే. ఒకటి ఇప్పుడెయ్యి, తెల్లారి ఇంకోటి..."

ఆమె పొట్లం వైపు చూడలేదు. తలుపుకు అడ్డంగా నిలబడి నా మొహంలోకే చూస్తోంది.

"మొన్న గూడా ఇట్టాగే చెప్పావు. గొంతు ఇంకా బాగా పెట్టి చెప్పావు."

"ఏసు సాక్షిగా..."

"ఆయన్నెందుకు పిలుస్తావు? నా బిడ్డ నోట్లో నేనే ఆ నీళ్లు పోశా. కన్నతల్లిని గదా!"

ఏం చెప్పినా అది ఆ ఏజెంటు మాటల్లాగే నా చెవికే వినబడుతోంది. పొట్లంలోంచి ఒక బిళ్ల తీసి నోట్లో వేసుకుని నమిలాను. చేదు నాలుక నుంచి చెవుల దాకా పాకింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా మింగాను. హజ్రా బీ నా మొహం చూస్తూనే ఉంది. కొయినా మింగిన మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇంకేదో చెప్పబోయి నేను నోరు తెరిచాను.

"ఇంక నువ్వు మాట్లాడమాక అన్నా" అని ఆమె చెయ్యి చాచింది. "బిళ్ల ఇటియ్యి."